మెట్ల వీధిలో సగం వాన

"స్టేషన్ 214లో వర్షమాపకాన్ని బహుశా కుళాయి కింద పెట్టి ఉంటారు."

తన ప్రతిపాదన ముసాయిదా నాలుగో పేజీలో, ఎర్రగీతల పటం కింద, ఆ విద్యార్థి సరదాగా రాసిన వాక్యమది. ముసాయిదా బహిరంగమైనదని, ఎవరైనా చదివి పక్కన వ్యాఖ్య రాయవచ్చునని అతనికి తెలుసు. ఆ చదివేవారిలో స్టేషన్ 214 వారే ఉంటారన్న ఆలోచన మాత్రం అతనికి రాలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు జవాబు కనిపించింది.

"కుళాయి ఎక్కడుందో వచ్చి చూపించండి. మెట్ల వీధి, కళ్లద్దాల దుకాణం పైన, మేడ మీద. రేపు ఎనిమిదింటికి. ఆలస్యమైతే రీడింగ్ అయిపోతుంది."

గదిలో ఉండే స్నేహితుడు భుజం మీదుగా చదివి ఈల వేశాడు. "ఒరేయ్ దశాంశం, ఈసారి గట్టివాళ్లతోనే పెట్టుకున్నావు."

దశాంశమన్నది స్నేహితులు పెట్టిన పేరు. సినిమా ఎలా ఉందని అడిగితే "పదికి ఆరు పాయింట్ ఏడు" అనే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

అతను దరఖాస్తు పెడుతున్న ప్రాజెక్టు సొంతదారు అంటూ ఎవరూ లేనిది. ప్రపంచంలో నాలుగు వేలమంది తమ మేడల మీద, పెరళ్లలో వర్షమాపకాలు పెట్టుకుని, ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు, ఎక్కడి ఎనిమిది అక్కడే, వానను కొలిచి అంకె పంపుతారు. ఆ అంకెలను కలిపి వరద హెచ్చరికగా మార్చే ప్రోగ్రామ్‌ను ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు. ఏటా వేసవిలో ఒక్క విద్యార్థిని ఎంచుకుని, అనుభవమున్నవారు మార్గదర్శిగా ఉండి పని నేర్పుతారు. ఈ ఏడాది మార్గదర్శి ఏ సముద్రానికి ఆవలో ఉండే ఒక పెద్దావిడ. ఆవిడ ముఖం ఇతనెన్నడూ చూడలేదు. రెండేళ్లుగా ఇతని ప్రతిపాదనలకు ఆవిడ ఇచ్చిన జవాబులు మాత్రం కంఠతా వచ్చు. మొదటి ఏడు: "ఇంకా లేదు." రెండో ఏడు: "బాగుంది. చాలదు."

ఇది మూడోసారి, ఆఖరుసారి కూడా. చదువు ఈ ఏడాదితో పూర్తవుతుంది. ఆ తరువాత విద్యార్థిగా దరఖాస్తు పెట్టే అర్హత ఉండదు. గడువు పదకొండు రోజులు. ఈసారి అతని చేతిలో ఒక ఫిల్టర్ ఉంది. చుట్టుపక్కల స్టేషన్లన్నీ ఒక మాట చెబుతుండగా ఒక్కటి మాత్రం వేరే మాట చెబితే, దాని పక్కన "నమ్మదగదు" అని రాసి లెక్కలోంచి తీసివేస్తుంది. నూటికి తొంభైతొమ్మిది పాయింట్ రెండు కచ్చితమని అతని నమ్మకం. నలుగురితో కలవని మాట అబద్ధమేనని తేల్చివేసే ఈ అలవాటును యంత్రాలకు నేర్పింది మనుషులే.

*

మూడంతస్తులు ఎక్కేసరికి అతనికి ఆయాసం వచ్చింది. మేడ మీద, ఇనుప కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక ముసలావిడ గడియారం చూస్తోంది. పిట్టగోడ దగ్గర, దుకాణపు నీలం కోటు వేసుకున్న అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నాయనమ్మా, మన వానను అబద్ధమన్నది ఈయనే."

"అలాగా." ముసలావిడ అతణ్ని పైనుంచి కిందికి చూసింది. "రెండు నిమిషాలుంది. ఈలోగా కుళాయి వెతుక్కో."

అతను నిజంగానే వెతికాడు. కుళాయి లేదు. మీద వాలిన కొమ్మ లేదు. నీళ్లు చిందించే చూరు లేదు. చదునైన సిమెంటు దిమ్మ మీద రాగి వర్షమాపకం, పుస్తకాల్లో ఉండవలసినట్టే ఉంది.

"దొరికిందా ఫిల్టర్ గారూ?" అమ్మాయి అడిగింది.

"పరికరం సరిగ్గానే ఉందండీ. కానీ మిగతా నాలుగు స్టేషన్లు..."

"నాలుగు ఒక మాట చెప్తున్నాయి కాబట్టి మాది తప్పు. అంతేగా?"

"అది గణాంకశాస్త్రం."

"మా వీధిలో దాన్ని వేరే మాటంటారు."

"ఏమంటారు?"

"గుంపు."

ఎనిమిదైంది. ముసలావిడ లేచి, వర్షమాపకంలోని నీటిని సన్నని కొలత గ్లాసులోకి వంచింది. తెల్లవారుజామున చిన్న జల్లు పడింది. "చదువు," అని గ్లాసు అతని ముందుకు చాచింది.

"నాలుగు పాయింట్ రెండు."

"తప్పు," అంది అమ్మాయి. "మీరు పైనుంచి చూస్తున్నారు. నీళ్లు అంచుల దగ్గర పైకి పాకుతాయి. మధ్యలో ఉన్న పల్లాన్ని చదవాలి. వంగండి. ఇంకా. కన్ను నీళ్లకి సమానంగా రావాలి."

అతను వంగాడు. సరిచూడడానికి ఆమె కూడా అవతలి వైపునుంచి వంగింది. గ్లాసులో నాలుగు మిల్లీమీటర్ల వాన. వానకు ఇటు అతని కన్ను, అటు ఆమె కన్ను. గాజు వంపులో ఆమె కన్ను ఉండవలసినదానికి మూడింతలై, నల్లగా, నవ్వుతూ కనిపించింది.

"ఎంత?" ముసలావిడ అడిగింది.

అతనికి అంకె గుర్తురాలేదు. పుట్టి బుద్ధెరిగాక అతనికి అంకె గుర్తురాకపోవడం అదే మొదలు.

"మూడు పాయింట్ తొమ్మిది," అంది అమ్మాయి, అతనికి బదులుగా.

ముసలావిడ రిజిస్టరులో రాసి సంతకం చేసింది. పక్కనే ఇంకో గడి ఉంది: సరిచూసినవారు. అందులో అమ్మాయి సంతకం చేసింది. అలాంటి రిజిస్టర్లు లోపలి బీరువాలో ఇరవై రెండున్నాయని, ఏడాదికొకటని, అట్టలు కుట్టింది నాయనమ్మేనని అతనికి అప్పుడే తెలిసింది.

"వాన లేని రోజుల్లో ఏం రాస్తారు?" అతను అడిగాడు.

"సున్నా," అంది ముసలావిడ. "సున్నా కూడా రీడింగే. అదీ పైకొచ్చి చూసే రాయాలి. కింద కూర్చుని ఊహించి రాసేది కాదు."

అతను వెళ్లబోతుంటే అమ్మాయి ఆపింది. "ఒక్క నిమిషం. దుకాణంలోకి రండి. మీ కళ్లద్దాలు వంకరగా ఉన్నాయి. ఇప్పటిదాకా లోకాన్నంతా వాలుగా చూసుంటారు. మమ్మల్ని కుళాయి కింద చూశారంటే ఆశ్చర్యమేముంది?"

*

దుకాణంలో చిన్న స్క్రూడ్రైవరుతో ఫ్రేము సరిచేస్తూ, ఆమె తల ఎత్తకుండా చెప్పింది.

"కింద వాగు మీద నడకవంతెన ఉంది కదా, మా తాతయ్య దానికి కాపలాదారు. నీళ్లు పెరిగేలా ఉంటే రెండు చివర్లా గేట్లు వేయాలి. ఇరవై మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం కొండకి ఇవతల కుండపోత. ఆయన ఒక గేటు వేసి రెండో గేటుకి పరుగెత్తేలోపు నీళ్లు వచ్చేశాయి. ఇద్దరు కొట్టుకుపోయారు. విచారణలో ఆఫీసువాళ్లు కొండ అవతలి వాన గేజ్ చూశారు. మూడు మిల్లీమీటర్లు. ఆ రోజు అంత వాన పడటం అసాధ్యమని, గేటు వేయకుండా నిద్రపోయాడని రిపోర్టు రాశారు. తాతయ్య ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఆయన వీధిలో తలెత్తి నడవలేదు."

"మరి గేజ్..."

"ఆ మరుసటి నెలే నాయనమ్మ కొంది. నాయనమ్మ చదివేది, తాతయ్య సరిచూసి సంతకం పెట్టేవాడు. ఆయన పోయాక నేను." ఆమె కళ్లద్దాలు అతని ముఖానికి పెట్టి, చెవుల వెనక సర్ది, రెండడుగులు వెనక్కి జరిగి చూసింది. "ఇప్పుడు తిన్నగా ఉంది."

అద్దాల సంగతి కాదు, అతని లోపల ఏదో వాలు సరిదిద్దుకున్నట్టయింది. 'నమ్మదగదు' అన్న మాట ఆ ఇంటి మీద రాసినవారిలో తాను మొదటివాడు కాదు. రెండోవాడు.

*

మర్నాడూ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు.

"డేటా సేకరణకి ఇస్త్రీ చొక్కా ఎందుకురా?" స్నేహితుడు అడిగాడు.

"పెద్దవాళ్లున్న ఇల్లు."

"ఓహో. ఆ పెద్దవాళ్ల వయసు ఇరవై మూడు పాయింట్ ఎంత?"

నిజానికి అతనికి ఇంకా నమ్మకం కుదరలేదు. మనిషి నిజాయితీ వేరు, అంకె వేరు. రెండు కిలోమీటర్ల అవతల పొడిగా ఉంటే ఇక్కడ ముప్పై మిల్లీమీటర్లు ఎలా పడతాయి? ఆ మాటే ఆరో రోజు మధ్యాహ్నం ఆమెతో అన్నాడు. ఆమె ఫ్రేముల పెట్టె తెచ్చుకోవడానికి వెళ్లి వస్తుంటే, సాయం పేరుతో పెట్టె మోస్తూ వెంట నడుస్తున్నాడు. మెట్ల వీధి మలుపు తిరిగారు.

"మీరింకా నమ్మలేదు," అంది ఆమె.

"నమ్మాలనే ఉందండీ. కానీ..."

అతని మాట ఆగిపోయింది. ఆమె అడుగు కూడా ఆగిపోయింది.

వీధికి నడిమధ్యన వాన నిలబడి ఉంది.

అవును, నిలబడే ఉంది. కొండ వైపు ఇళ్లన్నీ తెల్లటి నీటిలో మునిగినట్టు మసకబారాయి. గొట్టాలు హోరెత్తుతున్నాయి. మెట్ల మీద నీళ్లు గెంతుతున్నాయి. ఇటు వైపు, వాళ్లున్న వైపు, ఎండ. రాళ్ల మీద దుమ్ము. ఒక పిల్లి అరుగు మీద పడుకుని అవతలి హోరును చూస్తోంది. రెంటికీ మధ్య చేత్తో తాకగలిగేటంత స్పష్టమైన అంచు, గాలికి పరదాలా కొద్దిగా ఊగుతూ, ముందుకు రాకుండా, వెనక్కు పోకుండా ఉంది.

ఎవరూ మాట్లాడలేదు. ఇలాంటి వేళ మాట్లాడగలిగే వాళ్ల మీద నాకు గౌరవం లేదు.

ఆమె మెల్లగా కుడిచేయి చాచింది. మణికట్టు వరకు తడిసింది. మోచేయి పొడిగానే ఉంది. అతను పెట్టె కింద పెట్టి, ఆమె చేతి పక్కనే తన చేయి చాచాడు. వేళ్ల మీద చినుకులు టపటప పడ్డాయి. వీపు మీద ఎండ చురుక్కుమంది. వానలో రెండు చేతులు పక్కపక్కనే ఉన్నాయి. తాకలేదు. తాకనవసరం లేకపోయింది.

"నాకు తెలుసు," అంది ఆమె చాలాసేపటికి, గొంతు తగ్గించి. "చిన్నప్పటినుంచీ అంకెల్లో చూస్తున్నాను. కళ్లతో చూడడం మాత్రం ఇదే మొదటిసారి."

అతను రెండో చేత్తో ఫోను తీశాడు. మిగతా నాలుగు స్టేషన్లలో గంట గంటకూ అంకెలు పంపే యంత్రాలున్నాయి. సున్నా. సున్నా. సున్నా. సున్నా.

అంతలో పైనుంచి గంట మోగింది. బడిలో వాడేలాంటి ఇత్తడి చేతిగంట. మేడ మీద గొడుగు కింద నాయనమ్మ గంట ఊపుతోంది.

"పాతిక మిల్లీమీటర్లు దాటింది," అంది ఆమె, పరుగు అందుకుంటూ. "పాతిక దాటితే గంట కొడుతుంది. కింది వీధివాళ్లు వంతెన మీదినుంచి తప్పుకుంటారు."

దిగువన, పొడి నేల మీద, ఎండలో నడుస్తున్న మనుషులు ఆ గంట విని వంతెన దిగారు. ఒక తల్లి బిడ్డను చంకనేసుకుంది. కూరల బండివాడు బండి వెనక్కు తిప్పాడు. ఆకాశం వైపు చూసి "వాన ఏదీ?" అని అడిగినవాడు ఒక్కడూ లేడు. అరగంట తరువాత ఎర్రటి నీళ్లు వంతెన పలకల మీదుగా పొర్లాయి. వంతెన మీద ఎవరూ లేరు.

అతను ఆ నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. తన ఫిల్టర్ అమలులో ఉంటే ఆ గంటకు ఏం చేసేదో అతనికి తెలుసు. "నమ్మదగదు" అని రాసేది.

*

"తొంభైతొమ్మిది పాయింట్ రెండు పోతే నా దగ్గర ఇంకేమీ లేదు," అన్నాడు ఆ సాయంత్రం దుకాణంలో. "గడువు అయిదు రోజులే. ఇది దాచి పంపితే గెలవచ్చు. మా మార్గదర్శి ఈ వీధిని ఎప్పటికీ చూడదు."

"దాస్తారా?"

"లేదు."

ఆమె అతని వైపు చూసిన చూపును కొలవడానికి అతని దగ్గర గ్లాసు లేదు. "అయితే ఏమీ లేదంటారేంటి? పైన ఇరవై రెండు రిజిస్టర్లున్నాయి."

నాయనమ్మ మాత్రం బీరువా తాళం ఇవ్వలేదు. "ముందు ఆ కుళాయి మాట తీసెయ్."

"తీసేస్తానండీ. కానీ మీతో అబద్ధం చెప్పలేను. మా ప్రాజెక్టులో ఏదీ పూర్తిగా పోదు. పైకి చెరిపినా, ఎవరు ఎప్పుడు ఏం రాశారో చరిత్రలో ఉండిపోతుంది. ఎవరైనా తీసి చూడొచ్చు."

అమ్మాయి నాయనమ్మ వైపు చూసింది. ముసలావిడ మాత్రం కుర్చీలో ముందుకు వంగింది.

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ."

"అయితే తీయకు. ఉండనీ. దాని కిందే నిజం రాయి. నీ పేరుతో." ఆవిడ తాళంచెవిని గుప్పిట్లో తిప్పింది. "మా ఆయన మీద రాసిన రిపోర్టు కూడా ఎవరూ తీయలేదు నాయనా. ఉండనీ, నాకు ఫర్వాలేదు. దాని కింద నిజం రాసుకునే చోటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు."

అతను అక్కడే, ఆవిడ కళ్ల ముందే, కుళాయి వాక్యం కింద రాశాడు: "పైన రాసింది తప్పు. నేనే రాశాను. స్టేషన్ 214ను చూడకుండా తీర్పు చెప్పాను. ఇవాళ వీధికి సగం వరకే పడిన వానను నా కళ్లతో చూశాను."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తాళంచెవి బల్ల మీద పెట్టింది.

నాలుగు రోజులు అమ్మాయి చదివింది, అతను టైపు చేశాడు. ఎనిమిది వేల చిల్లర ఉదయాలు. ఆమె గొంతులో అవి వరుసగా వస్తుంటే అతనికి ఒళ్లు గగుర్పొడిచేది. నాయనమ్మకు జ్వరం వచ్చిన రోజున అక్షరాలు వంకరపోయాయి. భర్త పోయిన రోజున కూడా అంకె ఉంది: 0.0. సరిచూసినవారి గడి ఖాళీ.

"నిద్రపోతున్నారా?" అంది ఆమె ఒకసారి.

"లేదు. పదమూడో రిజిస్టరు, పేజీ నలభై. మీరే ఒక రోజు దాటేశారు."

"దాటలేదు. పరీక్షిస్తున్నాను."

"పరీక్ష ఫలితం?"

"పదికి ఏడు."

"పాయింట్?"

"పాయింట్ సంగతి ఆలోచించి చెప్తాను."

లెక్క తేలింది. ఇరవై రెండేళ్లలో అరవై ఒక్కసార్లు వాన 214లో మాత్రమే పడింది. అరవై ఒక్కసార్లూ వాగు పొంగిందని రిజిస్టరులో పక్కనే రాసి ఉంది. అతను ప్రతిపాదన మొదటినుంచి రాశాడు. ఒక స్టేషన్ మిగతావాటితో విభేదిస్తే ప్రోగ్రామ్ దాన్ని కొట్టివేయకూడదు. ముందు అక్కడి మనిషిని అడగాలి, దిగువ నీటిమట్టం చూడాలి, పాత రిజిస్టర్లు తిరగేయాలి. కచ్చితత్వం ఎంత అన్న చోట "ఇంకా తెలియదు" అని రాశాడు.

ముసలావిడ అరవై ఒకటి అన్న అంకెను చాలాసేపు చూసింది. "ఆ రోజు అంకె నా దగ్గర లేదు. అప్పటికి గేజ్ కొనలేదు. ఆ రోజు సంగతి నిరూపించలేను. కానీ అసాధ్యమన్నారు కదా?" కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "అసాధ్యం కాదు."

*

ప్రతిపాదన వెళ్లిపోయింది. మర్నాడు ఎనిమిదికి రెండు నిమిషాల ముందు అతను మళ్లీ మేడ మీద ఉన్నాడు.

"పంపేశారుగా," అంది అమ్మాయి. "ఇక రానక్కర్లేదు."

"రీడింగ్ సరిచూడాలి కదండీ."

"వానే లేదు."

"సున్నా కూడా రీడింగే."

ఆమె పిట్టగోడ వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

వానలు వెనకబడ్డాయి. మూడు వారాలు చుక్క పడలేదు. మూడు వారాలూ అతను వచ్చాడు. ఖాళీ గ్లాసును ఎదురెదురుగా వంగి చూశారు. చూడడానికి అందులో ఏమీ లేదు కాబట్టి ఒకరినొకరు చూశారు. ఎప్పుడో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఏ రోజున వచ్చిందో రిజిస్టరులో లేదు.

ఇరవై రెండో రోజు, ఎనిమిదికి నిమిషం ముందు, అతని జేబులో ఫోను మోగింది. ఫలితాల రోజది.

"ముందు రీడింగ్," అంది నాయనమ్మ.

"నాయనమ్మా! మూడేళ్ల నుంచి ఎదురుచూస్తున్నాడు!"

"నేను ఇరవై రెండేళ్లు చూశాను. ఒక్క నిమిషానికి ఏమీ కాదు."

గ్లాసు ఖాళీగా ఉందని ముగ్గురూ చూశారు. అప్పుడు అతను ఫోను తీశాడు. మార్గదర్శి రాసింది నాలుగు వాక్యాలు. చదివి, ఫోను అమ్మాయి వైపు చాచాడు. అమ్మాయి తీసుకుని పైకి చదివింది.

"మూడేళ్లలో నీకు తెలియనిదేమిటో నువ్వు రాయడం ఇదే మొదటిసారి. నిన్ను తీసుకుంటున్నాం. స్టేషన్ 214 పరిశీలకురాలికి నా నమస్కారం తెలియజెయ్యి. నేను కూడా ముప్పై ఏళ్లుగా రోజూ ఎనిమిదింటికి మా మేడ ఎక్కుతున్నాను."

ఎక్కడో, మొహం తెలియని ఒక మనిషి, ఇలాగే ఒక ఖాళీ గ్లాసు ముందు వంగి నిలబడుతుంది. ఇక్కడి ఎనిమిది దాటగానే ఇంకొకచోట ఎనిమిదవుతుంది. అక్కడ ఇంకొకరు మెట్లెక్కుతారు. భూమి తిరిగినంతసేపూ ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉంటారు.

"నువ్వు రోజూ వచ్చింది ప్రాజెక్టు కోసం కాదు కదా?" అమ్మాయి నెమ్మదిగా అడిగింది.

"కాదు," అన్నాడు. "ప్రాజెక్టు రాకపోయినా ఇవాళ వచ్చేవాణ్ని. రేపూ వస్తాను. నువ్వు వద్దనేదాకా."

"వద్దనను," అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి, కొలిచేటన్ని కాదు. "పాయింట్ సంగతి చెప్తానన్నాను కదా. పదికి పది. పాయింట్‌కి చోటు లేదు."

నాయనమ్మ ఈ మాటలేవీ వినబడనట్టు రిజిస్టరులో తేదీ వేసి, 0.0 రాసి, సంతకం చేసింది. కలం ఎప్పటిలా మనవరాలికి ఇవ్వలేదు.

"అబ్బాయ్."

"ఆఁ, అమ్మమ్మగారూ?"

"నాయనమ్మ," అని దిద్దింది ఆవిడ. రిజిస్టరు అతని వైపు తిప్పి, సరిచూసినవారి గడి మీద వేలు పెట్టింది. "ఇక్కడ మా ఆయన తర్వాత మా పిల్ల తప్ప ఎవరూ రాయలేదు. వాన పడ్డ రోజున ఎవడైనా మేడెక్కుతాడు. సున్నా చూడడానికి రోజూ ఎక్కినవాడివి నువ్వు. నీ పూర్తి పేరు రాయి. చెరపడానికి వీల్లేదు."

అతను వంగాడు. ఈసారి కన్ను సరిగ్గా సమానంగానే ఉంది.